జెడ్4 మెత్తబడాలంటే కాయిలోవర్లే వేయాలా?

మీరు అడిగింది ఇది: 2012 బీఎండబ్ల్యూ జెడ్4 ఎస్‌డ్రైవ్ 35ఐ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. 62 వేల కిలోమీటర్లు తిరిగింది. 18 అంగుళాల చక్రాలు, వాటికి రన్‌ఫ్లాట్ టైర్లు. మణికొండలో ఉంటారు, నెలకు రెండుసార్లు సూర్యాపేట దాటి సొంతూరు వెళ్లొస్తారు. హైవే దిగాక చివరి 14 కిలోమీటర్లు గుంతలు, ప్యాచ్‌లు. ఒక్కసారి వెళ్లొస్తే రెండు రోజులు నడుం పట్టేస్తోంది. ఇంట్లోవాళ్లు ఇక ఈ కారు ఎక్కేది లేదని తేల్చి చెప్పేశారు. వర్క్‌షాపువాళ్లు రెండు లక్షలకు కాయిలోవర్ కిట్ (స్ప్రింగు, షాకబ్జార్బర్ ఒకే జతగా వచ్చి, కారు ఎత్తు సర్దుకునే వీలున్న సామాను) చెప్పి, "32 క్లిక్కులుంటాయి సార్, మీకు కావలసినంత మెత్తగా పెట్టుకోవచ్చు" అన్నారట. వేయించుకోమంటారా అని మీ ప్రశ్న.

వద్దండీ. ఇప్పుడైతే అస్సలు వద్దు. ఆ రెండు లక్షల్లో సగం మొదట టైర్ల మీద, పాతబడిన రబ్బరు సామాను మీద పెట్టండి. షాకబ్జార్బర్ల దాకా వెళ్లాల్సొస్తే కంపెనీ ఎత్తుకే సరిపోయే మంచివి వేయించుకోండి. పదిహేడేళ్లుగా సస్పెన్షన్ పనే చేస్తున్నాను. ఇలాంటి కార్లలో చాలావాటికి కాయిలోవర్ల అవసరమే రాలేదు.

టైర్లతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ నొప్పిలో పెద్ద వాటా వాటిదే.

రన్‌ఫ్లాట్ అంటే గాలి మొత్తం పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఓ 80 కిలోమీటర్లు లాక్కెళ్లగలిగే టైరు. గాలి లేకుండా కారు బరువు మోయాలంటే పక్కగోడ ఎంత మందంగా, ఎంత మొండిగా ఉండాలో ఊహించుకోండి. గాలి నిండుగా ఉన్నప్పుడు ఆ మొండితనం ఎక్కడికీ పోదు. గుంత అంచు తగిలితే మొట్టమొదట వంగాల్సింది పక్కగోడే. అది వంగనని మొరాయిస్తే దెబ్బ నేరుగా రిమ్ముకు, అక్కణ్నుంచి చక్రాన్ని పట్టుకునే ఆర్ములకు, వాటి కీళ్లలో ఉండే రబ్బరు బుష్షులకు, చివరికి మీ వెన్నుకు. మీ కారులో ఇంకో తిరకాసు కూడా ఉంది. రెండు సీట్ల కారు కాబట్టి మీరు కూర్చునేది దాదాపు వెనక ఇరుసుకు ఆనుకునే. సెడాన్‌లో డ్రైవరు రెండు ఇరుసులకూ మధ్యలో ఉంటాడు, వెనక చక్రం దెబ్బ అతనికి పలచబడి చేరుతుంది. మీకు పలచబడటానికి దూరమే లేదు.

మీ ముందు టైరు 225/40 ఆర్18, వెనకది 255/35 ఆర్18 అన్నారు. పక్కగోడ ఎత్తు ముందు 90 మిల్లీమీటర్లు, వెనక 89. అదే 17 అంగుళాల చక్రాలకు దిగి ముందు 225/45, వెనక 255/40 వేస్తే 101, 102 అవుతాయి. చక్రం మొత్తం వ్యాసం మాత్రం దాదాపు అంతే: ముందు 637 నుంచి 634కు తగ్గుతుంది, వెనక 636 దగ్గరే నిలుస్తుంది. కాబట్టి స్పీడోమీటరు, ఏబీఎస్ గొడవ చేయవు. పన్నెండు మిల్లీమీటర్లేగా అనకండి, రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉన్న మెత్తదనం ఎనిమిదో వంతు పెరిగినట్టు. అయితే 35ఐకి ముందు బ్రేకులు పెద్దవి. 17 రిమ్ములు కొనేముందు ఒక్క చక్రం అరువు తెచ్చి, ముందు హబ్‌కు బిగించి, చేత్తో తిప్పి చూడండి. బ్రేకును పట్టే క్యాలిపర్‌కు ఎక్కడా రాసుకోకూడదు. రాసుకుంటే ఆ ఆలోచన అక్కడితో వదిలేయండి. 18లోనే మామూలు టైర్లు వేసుకున్నా తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రన్‌ఫ్లాట్లు తీసేస్తే పోయేదేంటో కూడా చెప్పాలి. మీ కారులో స్టెప్నీ లేదు. డిక్కీలో పన్నెండు వోల్టుల పంపు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ పెట్టుకోవాల్సిందే, దాన్ని వాడటం ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకోవాల్సిందే. ట్రెడ్‌లో మేకు దిగితే పావుగంట పని. పక్కగోడ చీలితే మాత్రం ట్రక్కు పిలవాల్సిందే, వేరే దారి లేదు. రాత్రిళ్లు ఒంటరిగా ఆ 14 కిలోమీటర్లు వెళ్లే అలవాటుంటే దీని గురించి బాగా ఆలోచించుకోండి. నేనైతే మార్చేస్తాను.

గాలి విషయంలో ఒక మాట. మెత్తగా ఉంటుందని 26 పీఎస్‌ఐకి దింపేవాళ్లను చాలామందిని చూశాను. పది రోజులు హాయిగా ఉంటుంది. పదకొండో రోజు గుంతలో టైరు పూర్తిగా అణిగి, రిమ్ము అంచు రోడ్డును ముద్దు పెట్టుకుంటుంది. ఆ తర్వాత రిమ్ము బెండు, టైరు పక్కన గుబ్బ. డోరు దగ్గర స్టిక్కర్ మీద ఇద్దరికి ఎంత రాసుందో అంతే పెట్టండి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు.

ఇక రెండోది, కారు వయసు. 62 వేల కిలోమీటర్లు చూసి మోసపోకండి. రబ్బరుకు కిలోమీటర్లతో పాటు సంవత్సరాలూ లెక్కే. పదమూడు ఎండాకాలాలు చూసిన బుష్షు చేత్తో నొక్కితే రాయిలా ఉంటుంది, లేదంటే చీలి ఉంటుంది. కారును లిఫ్ట్ ఎక్కించి టార్చి లైటుతో ముందు ఆర్ముల బుష్షులు, స్టెబిలైజర్ లింకులు, వెనక ఆర్ముల బుష్షులు చూడమనండి. స్ట్రట్ (స్ప్రింగు, షాకరు కలిసిన కాలు) పైన ఉండే మౌంటు, లోపల బంప్ స్టాప్ కూడా మరవద్దు. ఈ బంప్ స్టాప్ పసుపు పచ్చటి నురుగు ముక్క, స్ట్రట్ విప్పితే గానీ కనబడదు. పాత కార్లలో విప్పి చూస్తే దుమ్ము కవర్ అడుగున పొడిపొడిగా రాలి ఉంటుంది. అది లేని కారు గుంతలో పడితే ఇనుము ఇనుముకు కొట్టుకున్నట్టే. "టక్" అని పొడిగా ఒక శబ్దం వస్తుందని మీరు రాశారు చూడండి, నాకు మొదట తట్టింది అదే.

షాకబ్జార్బర్ల సంగతి కూడా ఆ లిఫ్ట్ మీదే తేలుతుంది. బాడీ మీద పలచగా నూనె చెమ్మ ఉంటే ఫరవాలేదు. తడిసి, దుమ్ము పేరుకుని నల్లగా ముద్ద కట్టి ఉంటే దాని పని అయిపోయినట్టే. బానెట్ మీద చేత్తో నొక్కి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పాత పరీక్ష ఇలాంటి గట్టి కారు మీద పనికిరాదు. షాకర్ పోయినా స్ప్రింగు గట్టిదనానికి కారు ఒక్కసారే ఊగి ఆగుతుంది. ఇంకో సంగతి: గేరు లివరు పక్కన స్పోర్ట్ బటన్ ఉంది కాబట్టి నాది ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ అనుకోవద్దు. ఆ బటన్ ప్రతి జెడ్4లోనూ ఉంటుంది, యాక్సిలరేటరును, స్టీరింగును మారుస్తుంది. షాకర్లకు విడిగా కరెంటు వైరు వెళ్తోందా అన్నదే గుర్తు. వైరు ఉంటే మామూలు షాకర్లు వేసేముందు మళ్లీ నన్నడగండి, అది వేరే కథ.

ఇప్పుడు కాయిలోవర్లు ఎందుకు వద్దన్నానో చెబుతాను.

కారు బరువుకు స్ప్రింగు ఎంత కుంగి కూర్చుందన్నదాన్ని బట్టి కారు ఊగే వేగం తేలిపోతుంది. చక్రం దగ్గర కొలిచి 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక ఊపు, అంటే ఒక హెర్ట్జ్. 11 సెంటీమీటర్లయితే ఒకటిన్నర. 6 సెంటీమీటర్లే కుంగితే రెండు. మామూలు ఫ్యామిలీ కార్లు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉంటాయి, రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు ఒకటిన్నర నుంచి రెండు. మన ఒంటికి నిలువు కుదుపుల్లో అన్నిటికంటే పడనిది 4 నుంచి 8 హెర్ట్జ్. స్ప్రింగు గట్టిపడేకొద్దీ మీరు ఆ దిక్కుగా జరుగుతున్నట్టు. తక్కువ ధర కాయిలోవర్ కిట్లలో కారును కిందికి దించడం కోసం పొట్టి, గట్టి స్ప్రింగులు వేస్తారు. ఆ 32 క్లిక్కులు షాకరువి. స్ప్రింగును అవి ఒక్క పిసరు కూడా మార్చలేవు. క్లిక్కులన్నీ మెత్తగా తిప్పేస్తే గట్టి స్ప్రింగును పట్టుకునేవాడు లేక కారు గుర్రప్పిల్లలా ఎగురుతుంది. బిగిస్తే గుంత గుంతకూ గుద్దుతుంది. మధ్యలో ఏదో ఒక క్లిక్కు దగ్గర రెండు బాధలూ సగం సగం.

దీనికంటే పెద్ద సమస్య ప్రయాణం. చక్రం పైకి లేవడానికి ఉన్న ఖాళీని మేం అలా అంటాం. కారును 40 మిల్లీమీటర్లు దించితే, ఉన్న ఖాళీలోంచి ఆ 40 తీసేసినట్టే. స్ప్రింగు మింగే దెబ్బ దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. ప్రయాణం సగమైతే, అదే దెబ్బను అడుగు తగలకుండా మింగడానికి స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. దించిన కారు మెత్తగా ఉండటం ఎందుకంత కష్టమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 2011లో నా ఫియస్టా 1.6 ఎస్‌కు ఇలాంటి కిట్టే వేయించాను. పేరెందుకులెండి, ఆ కంపెనీ ఇప్పుడు ఇక్కడ అమ్మడం లేదు. ఔటర్ మీద కత్తిలా ఉండేది. నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు ఎక్కి మిర్యాలగూడ వెళ్లేసరికి వెనక సీట్లో కూర్చున్న మా బావగారు "నీ కారుకు షాకర్లు ఉన్నాయా, తీసేశావా?" అని అడిగారు. తిరిగొచ్చాక షాకర్ రాడ్డుకు ఒక చిన్న ప్లాస్టిక్ టై బిగుతుగా కట్టి, దాన్ని సిలిండరు అంచు దాకా దింపి, పంజాగుట్ట దాకా మామూలుగా నడిపి చూశాను. టై పైకి జరిగి బంప్ స్టాప్‌లో కూరుకుపోయి ఉంది. ఎక్కడా పెద్ద గుంత లేదు, రోజూ వెళ్లే దారే. అంటే స్ప్రింగు మీద కాదు, రోజంతా ఆ నురుగు ముక్క మీదే కారు నడుపుతున్నాను. మర్నాడే పాత స్ప్రింగులు వెతికి తెచ్చుకున్నాను.

స్పోర్ట్స్ కారంటే గట్టిగానే ఉండాలన్న నమ్మకం మనకు రేస్ ట్రాక్ వీడియోల వల్ల వచ్చింది. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్‌ను హ్యాండ్లింగ్‌కు ఇప్పటికీ కొలబద్దగా చూపిస్తారు. దానికి పెట్టినవి మెత్తటి స్ప్రింగులు, పొడుగాటి ప్రయాణం. అదుపంతా షాకర్ల చేతిలో ఉంచారు. ఇంగ్లండు పల్లె రోడ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అక్కడ చక్రం నేలను వదలకుండా ఉండటమే వేగం. మొన్నమొన్నటి పోర్షె 911 డకార్ చూడండి, కరుకు రోడ్ల కోసం కారును 50 మిల్లీమీటర్లు పైకి లేపారు. లాంబోర్గిని హురకాన్ స్టెరాటోను 44 లేపారు. కరుకు రోడ్డు కోసం ఎవరూ కిందికి దించలేదు.

స్పీడ్ బ్రేకర్ల భయంతో కారును పైకి లేపే స్పేసర్లు కూడా వేయించాలా అని చివర్లో అడిగారు. ఒక చిన్న లెక్క చెబుతాను, నాకిది సరదా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లో గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. మీ కారు వీల్‌బేస్ 2,496 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా కట్టిన బ్రేకర్ మీద మీ నాలుగు చక్రాలూ ఒకేసారి పడతాయి. ఇరుసుల మధ్యలో కారు అడుగుకు కావలసింది నాలుగున్నర సెంటీమీటర్ల పైచిలుకు ఖాళీ, అంతే. ఎంత కురచ స్పోర్ట్స్ కారైనా దాటేస్తుంది. గోలంతా కాలనీల్లో మేస్త్రీ ఒక్క పూటలో పోసేసే అర మీటరు సిమెంటు దిమ్మెతోనే. అది రెండు ఇరుసుల మధ్యకు వచ్చేసరికి దాని పూర్తి ఎత్తూ మీ కారు కడుపు కిందే ఉంటుంది. అక్కడ స్పేసరు కంటే ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున ఎక్కించడం మేలు. స్పేసర్లు పెడితే డ్రైవ్‌షాఫ్టుల కోణం, అలైన్‌మెంట్ మారిపోతాయి. ఆ బాధ మీకెందుకు.

షాకర్లు పోయాయని తేలితే ఏవి వేయాలి? కంపెనీ ఎత్తుకు తయారైనవే అడగండి. బిల్‌స్టైన్ బ్రాండ్‌లో అయితే బీ4 కంపెనీ షాకరుకు దాదాపు సాటి. బీ6 అదే ఎత్తుకు ఇంకాస్త అదుపు ఎక్కువ. బీ8 మాత్రం దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసినది, మీకు అక్కర్లేదు. చాలామంది పొరపాటున తెప్పించుకునేది దాన్నే. మీ అవసరానికి నా ఓటు బీ4కు. కోనీలో స్పెషల్ యాక్టివ్ అని ఒక రకం ఉంది, ఇంతకుముందు ఎఫ్‌ఎస్‌డీ అనేవారు. గబగబా వచ్చే చిన్న కుదుపులకు దానంతటదే సడలుతుంది, కారు బాడీ మెల్లగా ఊగేటప్పుడు బిగుసుకుంటుంది. మీ మోడల్‌కు దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి.

షాకరు మంచిదా కాదా తేల్చేది ఎంత గట్టిగా ఉందన్నది కాదు, ఎప్పుడు గట్టిగా ఉందన్నది. మలుపులో కారు ఒరిగేటప్పుడు, బ్రేకు వేస్తే ముక్కు వంగేటప్పుడు రాడ్డు మెల్లగా కదులుతుంది, సెకనుకు 10 సెంటీమీటర్ల లోపే. అక్కడ బిగువు కావాలి. గుంత అంచుకు కొట్టుకుంటే అదే రాడ్డు సెకనుకు మీటరు వేగం దాకా దూకుతుంది. అక్కడ లోపలి వాల్వు తెరుచుకుని నూనెను వదిలేయాలి. చవక షాకరులో వేగంతో పాటు బిగువూ పెరుగుతూనే పోతుంది. ఇంకో లక్షణం తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది. టోల్ గేటు ముందు వేసే రంబుల్ స్ట్రిప్స్ మీద, కొర్లపహాడ్ దగ్గర మీరు ఊరెళ్లినప్పుడల్లా చూసేవే, రీబౌండ్ (నొక్కుకుపోయిన షాకరు మళ్లీ సాగడం) మరీ బిగువైన కారు ప్రతి గీతకూ కొంచెం కొంచెం కిందికి కుంగిపోతుంది. చక్రం తిరిగి దిగేలోపే తర్వాతి గీత వచ్చేస్తుంది. నాలుగో గీతకల్లా కారు బల్లపరుపు చెక్కలా మారుతుంది. డ్రైవర్లు దీన్ని "స్ప్రింగు గట్టిగా ఉంది" అనుకుంటారు. చాలాసార్లు తప్పు రీబౌండ్‌ది.

లావు యాంటీ రోల్ బార్ల (మలుపులో కారు ఒరగకుండా కుడి, ఎడమ చక్రాలను కలిపే కడ్డీల) జోలికి వెళ్లకండి. కుడి చక్రం గుంతలో పడితే ఎడమ చక్రాన్ని కూడా అది లాగుతుంది, మీ తల అటూ ఇటూ తూలుతుంది. మన రోడ్ల మీద గుంతలు జంటగా రావు కదా.

ఇవన్నీ చేసి అప్పటికీ డబ్బు మిగిలి, మనసు కాయిలోవర్ల మీదే ఉంటే, కేడబ్ల్యూ వీ3 తరహాలో రీబౌండ్‌నూ కంప్రెషన్‌నూ (షాకరు నొక్కుకుపోవడం) విడివిడిగా సర్దుకునేవి చూడండి, అవి కూడా కంపెనీ ఎత్తుకు పది మిల్లీమీటర్లకు మించి దించకుండా. ధర మీరు చెప్పిన రెండు లక్షల్లో రాదు. ఇలాంటి మార్పుల ముందు ఇన్సూరెన్స్‌వాళ్లకు ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కారును మార్చడం మీద ఆంక్షలున్నాయి, క్లెయిమ్ రోజున వాదించుకునే బదులు ముందే తేల్చుకుంటే టెన్షన్ ఉండదు.

ప్రతి మార్పు తర్వాతా ఒకే దారిలో నడిపి చూడండి. నేను మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వాడతాను. 11.6 కిలోమీటర్లు, మధ్యలో సిగ్నల్ లేదు, జాయింట్లు వరసగా వస్తాయి. ఒకే వేగంతో, ఒకే లేన్‌లో. జాయింటు మీద "డప్" అని ఒక్కసారి వినబడి ఆగిపోతే బాగున్నట్టు. "డప్" తర్వాత స్టీరింగులో సన్నటి వణుకు మిగిలితే టైరో, బుష్షో. కారు మొత్తం ఇంకోసారి ఊగితే షాకరు. టైర్లు, బుష్షులు, షాకర్లు అన్నీ ఒకే రోజు మార్చేస్తే దేని వల్ల బాగుపడిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

బుష్షులు మార్చించేటప్పుడు మీరు దగ్గరే నిలబడాల్సిన చోటు ఒకటుంది. కారు లిఫ్ట్ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆర్ముల బోల్టులు పూర్తిగా బిగించనివ్వకండి. ఆ భంగిమలో బిగిస్తే కారు కిందికి దిగగానే బుష్షు రబ్బరు మెలిపడి, ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. కారు మళ్లీ గట్టిపడుతుంది, కొత్త బుష్షు ఏడాదిలో చిరుగుతుంది. చక్రాలు నేలమీద బరువుతో ఉన్నప్పుడు, లేదా జాకీతో ఆర్మును ఆ ఎత్తుకు లేపి పెట్టి, అప్పుడు బిగించాలి. "అలాగే చేస్తాం సార్" అని తల ఊపుతారు. టార్క్ రెంచి చేతిలోకి తీసుకునేదాకా అక్కణ్నుంచి కదలకండి.